జవాబు కోరే రాత

మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. పోయిన ఎండాకాలంలో చెదలు పట్టిందేమోనని దాన్ని కిందికి దించి చూస్తే, అడుగున తొమ్మిది నోటుపుస్తకాలు బయటపడినాయి. కాగితాలు పసుపు రంగుకు తిరిగినాయి గాని రాత చెదరలేదు. 1994 నుంచి 1997 దాకా, డెంకణికోట దగ్గరి ఒక పల్లె బడిలో నేను తెలుగు చెప్పిన పిల్లలు నడుపుకొన్న చేతిరాత పత్రిక అది. ఎడమ పక్క పుటలో ఒకరు ఏదో ఒకటి రాస్తారు. కుడి పక్క పుట ఖాళీగా విడిచిపెడతారు. చదివినవాళ్లు ఆ ఖాళీలో జవాబు రాయాలి. దానికి ఉన్న కట్టుబాటు అంతే.

ఒక పుటలో ఏడో తరగతి పిల్లవాడు ఇట్లా రాసినాడు: “నిన్న రాత్రి యేనుగలు మా రాగిసేన్లోకి వచ్చినాయి. మా నాయన తగరం డబ్బా కొట్టినాడు. అవి పోలేదు. రాగులంతా తొక్కేసినాయి.” ఎదురు పుటలో మూడు రకాల చేతిరాతలు ఉన్నాయి. “ఎన్ని యేనుగలు? పిల్లయేనుగ ఉండిందా?” అని ఒకరు. “మీ నాయనకు దెబ్బ తగిలిందా?” అని ఇంకొకరు. “మా ఊర్లో టపాసులు కాలుస్తారు. మీ ఊర్లో కాల్చరా?” అని మరొకరు. ఎడమ పక్క మాత్రం నా ఎర్రసిరా. ‘యేనుగలు’ కొట్టేసి ‘ఏనుగులు’ అనీ, ‘సేన్లోకి’ కొట్టేసి ‘చేనిలోకి’ అనీ దిద్ది ఉంది. ఆ ఎర్రసిరా సంగతి తరువాత చెబుతాను.

ఆ పుటలు తిరగేస్తూ ఉంటే నాకొక ప్రశ్న తోచింది. బడిలో పిల్లలు ఏళ్ల తరబడి రాస్తారు కదా, ఆ రాతను చదివేదెవరు? చదివి, దానికి బదులు చెప్పేదెవరు? ఇది చిన్న ప్రశ్నలాగా కనపడుతుంది. కాని తెలుగునాటికి వెలుపల ఉండి, ఇంట్లో తెలుగు, వీధిలో మూడు భాషలు మాట్లాడుకొనే మనవంటి వాళ్లకు ఇది భాష నిలబడే ప్రశ్న. దీనికొక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన సీమ పేరు కూడా కొంచెం తగులుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన ముత్తాతల కాలంలో బడి అంటే తిన్నెబడి. ఎవరింటి అరుగు మీదో, గుడి మంటపంలోనో పదీ ఇరవైమంది పిల్లలు కూర్చొనేవాళ్లు. అయ్యవారు ఒక్కరే. చిన్నవాడు మొదట ఇసుకలో వేలితో దిద్దుతాడు. వాడి వేలు పట్టుకొని దిద్దించేది అయ్యవారు కాదు, వాడికంటే రెండేళ్లు పెద్దవాడు. పెద్దవాడు చిన్నవాడికి చెబుతాడు, పెద్దవాడికి అయ్యవారు చెబుతారు.

ఈ బడుల లెక్క తీయించినవాడు సర్ థామస్ మన్రో. ఆయన పేరు మన జిల్లాకు కొత్త కాదు. 1792లో బారామహల్ కుంపెనీ చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడుగా ధర్మపురి ప్రాంతంలో పనిచేసి, ఊరూరూ తిరిగి పన్ను లెక్కలు కట్టినవాడు. (మన హొసూరు, డెంకణికోట భాగాలు అప్పటికి ఇంకా టిప్పువే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినాకే అవి కుంపెనీకి వచ్చినాయి.) అదే మన్రో తరువాత మద్రాసుకు గవర్నరై, 1822లో ప్రతి జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లను అడిగినాడు. 1826 నాటికి లెక్క తేలింది. రాజధాని మొత్తంలో 12,498 బడులు. అంటే సుమారు వెయ్యిమంది జనానికి ఒక బడి.

కలెక్టర్లు పంపిన జవాబుల్లో బళ్లారి నుంచి ఎ.డి. కాంబెల్ 1823లో రాసింది అన్నిటికంటే చదవదగ్గది. ఇప్పటి అనంతపురం సీమ కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. కాంబెల్ తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసినవాడు కాబట్టి బడిలో జరిగేదేమిటో అతనికి తెలుసు. అతని జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారనీ, రెండోవాడి చేతిలో సున్నా చుడతారనీ, మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటే పెరుగుతాయనీ అతను రాసినాడు. పిల్లలే పిల్లలకు చెప్పుకొనే పద్ధతిని మెచ్చుకొన్నాడు. కాని ఒక లోపం కూడా ఎత్తి చూపినాడు. బడిలో వల్లె వేయించే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. పిల్లలు వందల పద్యాలు చిలకల్లాగా అప్పచెబుతారు, ఒక్కదానికీ అర్థం తెలియదు అన్నాడు.

పిల్లలే పిల్లలకు చెప్పే ఈ పద్ధతి సముద్రం కూడా దాటింది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథ శరణాలయానికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో రాసుకొంటూ ఒకరికొకరు నేర్పుకోవడం చూసినాడు. తన బడిలో అదే పద్ధతి పెట్టినాడు. ఇంగ్లండుకు తిరిగిపోయి 1797లో దాన్ని గురించి పుస్తకం వేసినాడు. అక్కడ దానికి ‘మద్రాసు పద్ధతి’ అనే పేరు నిలిచింది. మన అరుగు మీద పుట్టిన పద్ధతిని వాళ్లు తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పే యంత్రంగా వాడుకొన్నారు. ఒక అయ్యవారు, పదిమంది చట్టాంపిళ్లలు, వందలమంది పిల్లలు.

ఇక్కడ ఒకటి గమనించాలి. తిన్నెబడిలో పిల్లవాడికి పక్కనే బదులు చెప్పేవాడు ఒకడు ఉన్నాడు. అది ఆ బడి బలం. కాని ఆ బదులు ‘సరి’, ‘తప్పు’ అనే రెండు మాటలతో ముగిసిపోయేది. పిల్లవాడు తన ఇంటి సంగతి, చేని సంగతి, మనసులో మాట చెప్పడానికి అందులో చోటు లేదు. తరువాత వచ్చిన సర్కారు బడిలో పక్కనున్న పెద్ద పిల్లవాడు కూడా పోయినాడు. ఎర్రసిరా మాత్రం మిగిలింది.

కాంబెల్ చూపిన లోపాన్ని ఎనభై ఏళ్ల తరువాత ఇంకొక దొర మళ్లీ ఎత్తినాడు. ఉత్తర జిల్లాల్లో బడుల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్, మీ పిల్లలు మాట్లాడే తెలుగొకటి, బడిలో రాసే తెలుగొకటి ఎందుకైంది అని 1906-07 ప్రాంతంలో అడగడం, ఆ ప్రశ్న పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే గిడుగు రామమూర్తి పంతులు గారిని పట్టుకోవడం, ఆ తరువాతి వాడుకభాష పోరాటం మనకందరికీ తెలిసిన కథే. తెలిసిన కథలో మనం తరచు మరిచిపోయే పుట ఒకటుంది. యేట్స్ రాకముందే గిడుగు వారు సవర పిల్లలకు సవరలో చదువు చెప్పే పని మొదలుపెట్టినారు. సవర తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబం భాష. దాన్ని ఆయన నేర్చుకొన్నారు. సొంత డబ్బుతో బడి పెట్టినారు, వాచకాలు రాసినారు. పిల్లవాడి నోటి మాట బడిలోకి రావాలంటే, ముందు అయ్యవారు దాన్ని వినాలి అని ఆయన చేతలతో చూపినారు.

ఇంకొక సంగతి మన గుండెకు దగ్గరిది. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో కలిసినప్పుడు, గిడుగు వారు దాన్ని ఒప్పుకోలేక, అర్ధశతాబ్దం బతికిన ఆ ఊరు విడిచి రాజమండ్రికి వచ్చేసినారు. తెలుగువాళ్ల ఊరు గీతకు అవతల పడిపోవడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన రాగలిగినారు. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మనం ఎక్కడికీ పోలేదు. చేను విడిచి ఎవరు పోతారు? ఇక్కడే ఉండినాము, భాషను ఇక్కడే నిలుపుకోవలసి వచ్చింది.

నేను చదివిన బడి తెలుగు బడే. వ్యాసం తరగతి బాగా గుర్తుంది. ‘ఆవు’, ‘దీపావళి’, ‘గ్రంథాలయములు’. మా ఇంట్లో రెండు ఆవులు ఉండేవి. వాటిలో ఒకటి పొడిచే ఆవు, మా అవ్వ తప్ప ఎవరు పోయినా పాలు ఇవ్వదు. కాని నా వ్యాసంలో ఆ ఆవు లేదు. ‘ఆవు సాధుజంతువు’ అని రాసి పదికి ఏడు మార్కులు తెచ్చుకొన్నాను. అయ్యవారికి ఆవు సంగతి ముందే తెలుసు, నాకు ఆయనకు చెప్పవలసిందేమీ లేదు. ఎవరికీ చెప్పవలసిన అవసరం లేని మాటలు రాయడం అట్లా నేర్చుకొన్నాను. తరువాత అయ్యవారినై నేను కూడా అదే నేర్పినాను. యథార్థం దాచి ప్రయోజనం లేదు.

లోకంలో ఇతర చోట్ల కొందరు అయ్యవార్లు ఈ గోడను ఎట్లా పగలగొట్టినారో నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ముగ్గురిని గురించి చెబుతాను.

ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనె అనే పల్లె బడి అయ్యవారు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గట్టిగా ఎక్కువసేపు మాట్లాడలేని మనిషి. గంటల తరబడి పాఠం చెప్పడానికి గొంతు లేకపోవడం ఆయన పిల్లలకు మేలైంది. 1920ల నడుమ ఆయన తరగతిలోకి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చినాడు. పిల్లలు తమ ఇంటి, చేని, ఊరి సంగతులు రాసి, అక్షరాలు తామే పేర్చి అచ్చు వేసేవాళ్లు. ఆ కాగితాలను దేశానికి అటు చివర బ్రిటనీ సముద్రతీరంలో ఉన్న ఇంకొక బడికి పంపేవాళ్లు. ఆ పిల్లలు తమ సముద్రం సంగతులు రాసి తిరిగి పంపేవాళ్లు. కొండసీమ పిల్లవాడికి తన ఊరి సంగతి తెలియని చదువరి ఒకడు దొరికినాడు. అప్పుడు వాడికి వివరంగా రాయవలసిన పని పడింది.

రెండోవాడు పోలండులో యానుష్ కోర్చాక్. వైద్యుడు, అనాథ పిల్లల శరణాలయం నడిపినవాడు. 1926లో వార్సాలో ఒక యూదుల దినపత్రికకు అనుబంధంగా ‘మావి ప్షెగ్లాండ్’ అనే పిల్లల వారపత్రిక మొదలుపెట్టినాడు. ఆ పేరుకు చిన్న సమీక్ష అని అర్థం. పెద్దలు పిల్లల కోసం రాసే పత్రిక కాదది. దేశమంతటి నుంచి పిల్లలు రాసే ఉత్తరాలే దాని సరుకు. ఆ ఉత్తరాలకు జవాబులు అచ్చయ్యేవి, ఆ జవాబులకు మళ్లీ ఉత్తరాలు వచ్చేవి. వాళ్లూ అల్పసంఖ్యాకులే. తమ మాటను ఎవరూ పట్టించుకోని చోట బతికే పిల్లలు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైన రోజుతో పత్రిక ఆగిపోయింది. 1942లో కోర్చాక్ తన శరణాలయం పిల్లలతో పాటు ట్రెబ్లింకా చావుశిబిరానికి పోయినాడు.

మూడోది ఇటలీ కొండల్లో బార్బియానా అనే కుగ్రామం. అక్కడి పాదిరి లొరెంజో మిలాని దగ్గర చదువుకొన్న పేద రైతుల పిల్లలు ఎనిమిదిమంది కలిసి, తమవంటివాళ్లను పరీక్షల్లో తప్పించి ఇంటికి పంపే పంతులమ్మకు ఒక ఉత్తరం రాసినారు. 1967లో అది పుస్తకమై వచ్చింది. ఒక్కొక్క మాట పిల్లలందరూ కూర్చొని తర్కించి, అక్కరలేనిది తీసివేసి రాసిన ఉత్తరం. బడి తమతో మాట్లాడిన తీరుకు వాళ్లు చెప్పిన బదులు అది.

ఇవి ఎక్కడివో దూరదేశాల కథలు అనుకోనక్కరలేదు. మనకు దగ్గరలో, మద్రాసు పట్టణంలోనే, తెలుగు పిల్లలకు ఇట్లాంటి తలుపు ఒకటి తెరుచుకొంది. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పేరు పొందిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక పెట్టినారు. అందులో పిల్లల రాతలకు, బొమ్మలకు చోటిచ్చినారు. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయింది అందులోనే. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. 1947 జులైలో అదే మద్రాసు నుంచి తెలుగులో ‘చందమామ’, తమిళంలో ‘అంబులిమామ’ ఒకేసారి వెలువడినాయి. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఒకటుండేది. రెండు బొమ్మలకు తగిన వ్యాఖ్యలు ఆలోచించి కార్డు మీద రాసి పంపితే, గెలిచినవాళ్ల పేరు, ఊరు అచ్చు వేసేవాళ్లు. 1879లో కాలణాకు మొదలైన పోస్టుకార్డు పల్లె పిల్లవాడిని కూడా పత్రికతో మాట్లాడనిచ్చింది. నేను ఎన్ని కార్డులు పంపినానో లెక్కలేదు. ఒక్కటీ గెలవలేదు. అయినా నెల మొదట్లో పత్రిక రాగానే ముందు చూసేది ఆ పుటనే. చందమామ 2013 నాటికి ఆగిపోయింది.

ఇక నా నోటుపుస్తకాల సంగతి. వాటికి నాకు ఫ్రెనె పేరు గాని, కోర్చాక్ పేరు గాని స్ఫూర్తి కాదు, అప్పటికి వాళ్లెవరో తెలియదు. తెలుగు కథల పుస్తకాలు మా బడికి చాలినన్ని వచ్చేవి కావు. పిల్లలకు చదవడానికి ఏదైనా కావాలి. వాళ్లే రాసుకొంటే చదువుకోవచ్చు కదా అనిపించింది. కుడి పక్క ఖాళీ విడిచిపెట్టే ఆలోచన కూడా నాది కాదు. మొదటి పుస్తకంలో ఒక పిల్ల పుట అంచున చిన్న అక్షరాలతో జవాబు రాసింది. చోటు చాలక అక్షరాలు నలిగిపోయినాయి. రెండో పుస్తకం నుంచి చోటు ఇచ్చినాము.

ఏనుగుల గురించి రాసిన పిల్లవాడి రాతను నేను ఎర్రసిరాతో దిద్దినాను అన్నాను కదా. ఆ తరువాత నాలుగు నెలలు ఆ పిల్లవాడు ఎడమ పుటలో ఒక్క మాట రాయలేదు. నేను దాన్ని గమనించలేదు కూడా. ఒకరోజు ఒక ఆడపిల్ల వచ్చి, “సార్, అందరూ కుడిపక్క జవాబు రాసినారు. మీరు రాయలేదు. మీరు ఎడమపక్క దిద్దినారు, అంతే” అంది. ఆ పిల్ల నన్ను తప్పుపట్టడానికి అనలేదు. ఆట కట్టుబాటు నేను తప్పినానని చెప్పింది. ఒక మనిషి రాత్రంతా నిలబడి చేను పోగొట్టుకొన్న సంగతి కొడుకు రాసినాడు. నేను అక్షరం సంగతి మాట్లాడినాను. ఏడాది పంట సంగతి అడగలేదు.

ఆ సాయంత్రం కుడి పుటలో, పిల్లల జవాబుల కింద, నల్లసిరాతో రాసినాను: “మా చిన్నప్పుడు మా చేనికి కూడా వచ్చినాయి. మా తాత మంచె మీద ఉండినాడు. మీ నాయన ఎక్కడ నిలబడినాడు? ఈ ఏడు రాగులు ఎక్కడ కొంటారు?” పది రోజులకు జవాబు వచ్చింది. ఒక పుటన్నర. ఆరు ఏనుగులు, వాటిలో ఒకటి పిల్ల. నాయన చింతమాను ఎక్కినాడు. దిగేటప్పుడు కాలు మెలిపడింది. రాగులు కొనలేదు, మేనమామ ఇంటినుంచి రెండు మూటలు వచ్చినాయి. మొదట నాలుగు వాక్యాలు రాసిన పిల్లవాడే అతను. భాష అప్పుడు కూడా వాడికి ఉండింది. అడిగినవాళ్లు లేరు.

అక్షరదోషాలను అట్లాగే విడిచిపెట్టమని నేను చెప్పడం లేదు. వాటికి వేరే గంట పెట్టినాను. నల్లబల్ల మీద, ఎవరి పేరూ చెప్పకుండా. ఏడాది చివర మంచి రాతలను ఏరి ఒక పుస్తకంగా తిరగరాసేటప్పుడు, ‘చేను’ అని రాయాలా ‘సేను’ అని రాయాలా అని పిల్లలే తర్కించుకొన్నారు. మనిషి మాట్లాడినట్టు రాసేచోట ‘సేను’, కథ చెప్పేచోట ‘చేను’ అని తేల్చుకొన్నారు. గిడుగు వారు ఉండి ఉంటే మెచ్చుకొని ఉండేవారేమో.

అనపకాయల మీద జరిగిన జవాబుల పుట ఇంకొకటి ఉంది. మార్గశిరంలో ఇంట్లో పితికిపప్పు చేసిన సంగతి, గింజలు నానబెట్టి తోలు పితికే పని అవ్వ తనకిచ్చిన సంగతి ఒక పిల్ల రాసింది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల “మేము అవరెకాయి అంటాము” అని రాసింది. తమిళం ఇంటి పిల్లవాడు “అవరక్కాయ్” అన్నాడు. ఎవరింటి పులుసులో ఏం వేస్తారో తేలేదాకా మూడు పుటలు నిండినాయి. మన సీమలో మూడు భాషల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చొంటారు. వాళ్లను కలిపి కూర్చోబెట్టి ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని వ్యాసం రాయిస్తే ఏం రాస్తారో మనకు తెలుసు.

1996లో ఒక పుస్తకాన్ని కుప్పం దగ్గరి పల్లెలో అయ్యవారుగా ఉన్న నా జతగాడికి పంపినాను. కుప్పం మనకు దూరం కాదు గాని, గీతకు అవతలిది. అక్కడి పిల్లలు అన్నీ చదివి కుడి పుటల్లో జవాబులు రాసి పంపినారు. ఒక ప్రశ్న మా పిల్లలను కలవరపెట్టింది: “మీరు తమిళనాడులో ఉండి తెలుగు ఎట్లా మాట్లాడతారు? ఎవరు నేర్పినారు?” మావాళ్లకు కోపం వచ్చింది. తరువాత నవ్వు వచ్చింది. ఆ తరువాత ఇంటికి పోయి అవ్వలను, తాతలను అడిగినారు. మాకెవరూ నేర్పలేదు, మా ఊరు మొదటినుంచి ఇక్కడే ఉంది, మా దేవర పాటలు తెలుగే, మా ఎద్దుల పేర్లు తెలుగే అని మూడు పుటల జవాబు తయారైంది. మనమెవరం అనే మాట మీద ఆ పిల్లలు రాసిన మొదటి చరిత్ర వ్యాసం అది. నేను పాఠంగా చెప్పి ఉంటే ఇంత రాసేవాళ్లు కారు. తెలియనివాడు అడిగినాడు కాబట్టి రాసినారు.

1997లో నాకు బదిలీ అయింది. పత్రిక ఆగింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతి చేరింది. న్యాయస్థానాలకు పోతే కొన్ని ఏళ్లకు మినహాయింపులు దొరికినాయి. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఈ నేల మీద బతికేవాళ్లకు అది కావలసిన భాషే. నేను చూసింది ఒకటే. తెలుగు పరీక్షకు విలువ తగ్గే కొద్దీ, పరీక్ష కోసం మాత్రమే తెలుగు రాసిన ఇండ్లలో తెలుగు రాత ఆగిపోయింది. అక్కతమ్ముళ్లకు ఉత్తరాలు రాసే అలవాటు ఉన్న ఇండ్లలో నిలిచింది.

ఇప్పుడు కాగితానికి బదులు వేరే పలకలు వచ్చినాయి. 1999 నాటికి అమెరికాలో ‘బ్లాగు’ అనే పేరు పుట్టింది. ఎవరైనా తమ రాతను కంప్యూటరులో పెట్టవచ్చు, చదివినవాళ్లు కింద జవాబు రాయవచ్చు. 2006 ప్రాంతానికి ‘లేఖిని’ వంటి సాధనాలతో తెలుగు అక్షరాలు రాయడం తేలికై, రచనలను ఒకచోట చూపే ‘కూడలి’ వచ్చి, ఎక్కడెక్కడి తెలుగువాళ్లో ఒకరికొకరు జవాబులు రాసుకొన్నారు. దాని కథ విన్నప్పుడు నాకు మా కుడి పుటే గుర్తుకు వచ్చింది. పరదేశాల్లో బడులు దాన్ని తరగతిలోకి తెచ్చుకొన్నాయని కూడా విన్నాను. తెచ్చుకోవడం మంచిదే. కాని రెండు జాగ్రత్తలు చెబుతాను. పిల్లవాడి రాతకు వచ్చే జవాబులు ముందు అయ్యవారు చూడాలి. తెలియనివాడి ఎకసెక్కం ఎర్రసిరాకంటే ఎక్కువ గాయం చేస్తుంది. రెండోది, బొటనవేలి గుర్తు పెట్టడం జవాబు కాదు. జవాబులో ఒక ప్రశ్న ఉండాలి.

పనిముట్టు ఏదైనా ఫరవాలేదు. ఇసుక, పలక, కాలణా కార్డు, చేతిలో ఫోను, ఏదైనా కానివ్వండి. నలభై పేజీల నోటుపుస్తకం ఖరీదు ఎంత?

ఆ తొమ్మిది పుస్తకాలను దగ్గరి పల్లెలో తెలుగు చెప్పే ఒక పంతులమ్మకు ఇచ్చినాను. “పాతవి కదా, పిల్లలు చదువుతారా?” అని అడిగింది. ఖాళీ ఉన్నచోట రాయనీ అమ్మా అన్నాను. నెల తరువాత తెచ్చి చూపింది. ఏనుగుల పుటలో, నా నల్లసిరా కింద మిగిలిన రెండంగుళాల చోటులో, నీలిసిరాతో కొత్త చేతిరాత: “మా ఊరికి ఇప్పుడు గూడా వస్తాయి. పోయిన వారం వచ్చినాయి. మీ నాయన కాలు బాగయిందా?”

ఆ ఏడో తరగతి పిల్లవాడు ఇప్పుడు హొసూరులో ఒక కర్మాగారంలో పని చేస్తున్నాడు. వాడికి ఫోను చేసి ఈ ప్రశ్న చదివి వినిపించినాను. కొంచెంసేపు మాట్లాడలేదు. “కార్డు రాస్తాను సార్” అన్నాడు.

మీ ఊరి బడిలో తెలుగు పిల్లలు ఏం రాస్తున్నారో, ఎవరు చదువుతున్నారో మీరు కూడా ఒక కార్డు రాయండి. జవాబు రాసే పూచీ నాది.